ఎవరి టేపు వాళ్ళదే

ఆదివారం పొద్దున టైలరు మాస్టరు షాపు షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరి, మళ్ళీ కిందికి లాగేశాడు. షాపు తెరిచారనుకుని ఎవరో ఒకరు ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చేస్తారన్నది పైకి చెప్పే కారణం. అసలు సంగతి వేరు. కటింగు టేబులు మీద తను పరచబోయే యుద్ధభూమిని దారినపోయేవాళ్ళు చూడటం ఆయనకిష్టం లేదు. చూస్తే ముచ్చటపడతారు, ముచ్చటపడితే ముట్టుకుంటారు, ముట్టుకుంటే జేబులో వేసుకుంటారు. ఈ మూడు మెట్లూ ఆయన బుర్ర ఒక్క దూకులో ఎక్కేస్తుంది.

అల్మరా తాళం తీసి పెట్టెలు దించి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సైనికులు రెండువందల పద్నాలుగు మంది. ఒక్కొక్కడూ అంగుళం ఎత్తు ప్లాస్టిక్ మనిషి. అచ్చుపోసి వచ్చిన చట్రంలోంచి గోళ్ళు కత్తిరించే కట్టరుతో విడదీసి, అతుకుల్ని బ్లేడుతో గీకి, ముందు బూడిదరంగు, ఆ మీద యూనిఫాం రంగు, చివర్న సూది మొనతో కళ్ళు పెట్టిన మనిషి. ఎవడి పాదాల కింద చూసినా ఎర్రచుక్క ఉంటుంది. పోతే పట్టుకోడానికి ఆ గుర్తు. ఇరవై ఏళ్ళలో ఒక్కడు కూడా పోలేదు, అయినా చుక్క పెట్టడం మానలేదు.

ట్యాంకులు పంతొమ్మిది. వీటి ముందు మాత్రం మాస్టరు అనుమానాలన్నీ పక్కన పెట్టి కాసేపు మనిషవుతాడు. కొన్నవి కొన్ని, కట్టినవి ఎక్కువ. చొక్కా బొత్తాలు చక్రాలైపోయాయి. పైన మూతకి టిచ్ బటను, వెనక లాగుడు కొక్కేనికి ప్యాంటు హుక్కు, ఫిరంగి గొట్టానికి విరిగిన మిషను సూది. ట్యాంకు వెనక చుట్టగట్టిన టార్పాలిన్ చూస్తే నిజమైందే అనిపిస్తుంది, కాని అది కాలర్లలో పెట్టే బక్రం గుడ్డని జిగురులో ముంచి ఆరబెట్టిన ముక్క. పిల్లల పుట్టినరోజులు ఈయనకి గుర్తుండవు గాని ఏ సిపాయికి ఏ నెలలో బూట్లు వేశాడో చెప్పమనండి, చెప్పేస్తాడు అని భార్య అందరి ముందూ ఆయన్ని ఆడిపోసుకుంటుంది. అది నిజమే.

లెక్క సరిపోయింది. మామూలుగా అయితే ఆ తర్వాత మాస్టరు ఈల వేస్తాడు. ఇవాళ వెయ్యలేదు. రేపు సోమవారం తమ్ముడు షాపుకి వస్తాడు. వస్తే, ఇక రావద్దని చెప్పాలి.

తమ్ముడు ఏడేళ్ళు చిన్నవాడు. పదిహేనేళ్ళుగా ఈ షాపులో కటింగు అతనిదే. మాస్టరు మెడలో టేపుతో మనిషిని కొలిచి పుస్తకంలో రాస్తాడు, తమ్ముడు ఆ పుస్తకం చూసి గుడ్డ కోస్తాడు, ఇద్దరూ కుడతారు. పదిహేనేళ్ళలో వెనక్కొచ్చిన చొక్కాల్ని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిది ఈ రెండు నెలల్లోనే పదకొండు. అన్నీ బిగుతే. ఛాతీ దగ్గర గుడ్డ లాగేస్తోంది, కాలరు బొత్తాం పట్టడం లేదు.

ఒకటి రెండు వచ్చినప్పుడు మాస్టరు కస్టమరు లావెక్కాడన్నాడు. అయిదోది వచ్చాక తమ్ముణ్ణి ఓ కంట కనిపెట్టడం మొదలుపెట్టాడు. కనిపెట్టేవాడికి కనిపించకుండా ఉంటుందా? కోసిన గుడ్డలో మిగిలే పీలికలు వెనకటికన్నా వెడల్పుగా ఉన్నాయి. అంటే చొక్కాకి ఇంత చొప్పున గుడ్డ మిగులుస్తున్నాడన్నమాట. ఫోను మోగితే గుమ్మం దాటి వెళ్ళి మాట్లాడుతున్నాడు. ఇది చాలదన్నట్టు మూలమీద ఇస్త్రీ బండివాడు మొన్న మెల్లిగా చెవిలో వేశాడు.

"మీ తమ్ముడు వెనక వీధిలో గది అడుగుతున్నాడంట కదా మాస్టరూ? షాపుకేనా?"

అంతే, మాస్టరు బుర్రలో కథ మొత్తం కుట్టేసినట్టు తయారైపోయింది. ఇక్కడి చొక్కాలు చెడగొట్టాలి, షాపుకి చెడ్డపేరు రావాలి, ఆ కస్టమర్లు వెనక వీధికి నడవాలి. మిగిల్చిన గుడ్డ ఎలాగూ లాభం. ఎంత చల్లగా చేస్తున్నాడో!

నిన్న శనివారం బస్సు కండక్టరు తన యూనిఫాం చొక్కా పట్టుకొచ్చి గొంతు చూపించాడు. కాలరు నొక్కి నొక్కి ఎర్రటి గీత పడింది. పుస్తకంలో కాలరు పదిహేను. మాస్టరు అందరి ముందూ తన మెడలో టేపు తీసి ఆ కాలరు కొలిచాడు. పద్నాలుగు ముప్పావు.

"పావంగుళం ఏమైందిరా?" అన్నాడు.

"నువ్వు రాసిన పదిహేనే కోశానన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"అయితే నా కళ్ళు పోయాయా? ఏదీ, నీ సంచి ఇలా తే."

షాపులో కండక్టరు ఉన్నాడు, ఇంకో ఇద్దరున్నారు. తమ్ముడు సంచి తెచ్చి టేబులు మీద బోర్లించాడు. అన్నం డబ్బా, కళ్ళజోడు పెట్టె, మడిచిన తువ్వాలు. గుడ్డముక్క ఒక్కటీ లేదు. ఖాళీ సంచి భుజాన వేసుకుని, సామాను టేబులు మీదే వదిలి వెళ్ళిపోయాడు. మాస్టరు మాత్రం వెనక్కి తగ్గలేదు. సంచిలో లేదంటే ఇంట్లో దాచాడని అర్థం.

ఇంతలో షట్టరు మీద మూడు దెబ్బలు. సర్వేయరు వచ్చాడు. మాస్టరుకి బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు. వారమంతా ఎండలో భూములు కొలిచి, ఆదివారం ఈ టేబులు మీద బావతో యుద్ధం చేస్తాడు. ఆయన సైన్యం ఒక అట్టపెట్టెలో గలగలమంటూ వస్తుంది. రంగు వెయ్యడంలో ఆయన పద్ధతి ఒక్క బ్రష్షు, ఒక్క రంగు. ముప్పైమందికీ ఒకటే మొహం. ఆ కవలపిల్లల దండుని చూస్తే మాస్టరుకి ఒళ్ళు మండుతుంది.

"ఏంటి బావా, మొహం అలా మాడ్చుకున్నావ్?"

"ఏం లేదు. పెట్టు, పెట్టు."

టేబులు మీద పచ్చగుడ్డ పరిచారు. కోటు భుజాల ప్యాడ్లు కొండలు, నీలం లైనింగు గుడ్డ నది, దారపు ఉండల డబ్బాలు ఇళ్ళు. నియమాలు గోడకి అంటించి ఉన్నాయి, మాస్టరు దస్తూరీ. ట్యాంకు గుండు ఇరవై నాలుగు అంగుళాల దూరం వెళుతుంది. కొలత మూత నుంచి మూతకి. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో ఒకటి: ఎవరి సైన్యం వాళ్ళే ముట్టుకోవాలి, ఎవరి టేపు వాళ్ళదే. ఏనాడో సర్వేయరు స్టీలు టేపు చుర్రున వెనక్కి లాక్కుంటూ మాస్టరు సిపాయి ఒకడి తుపాకీ విరగ్గొట్టింది. ఆ రోజు పుట్టిన నియమం అది. అప్పట్నుంచి మాస్టరు తన గుడ్డ టేపుతో, సర్వేయరు తన స్టీలు టేపుతో ఎవరి కొలత వాళ్ళు చూసుకుంటారు. ఒకరి కొలతని ఇంకొకరు ప్రశ్నించరు. అంత అనుమానపు మనిషి ఈ ఒక్క చోట ఎదుటివాడి మాట మీద నమ్మకం పెట్టాడని సర్వేయరు ఇప్పటికీ వింతగా చెప్పుకుంటాడు.

ఆట గంటసేపు నడిచింది. మాస్టరు మనసు ఆట మీద లేదు గాని చెయ్యి అలవాటున పనిచేస్తోంది. కొండ వెనక దాచిన పెద్ద ట్యాంకుని ముందుకి జరిపి, మెడలో టేపు తీసి, తన మూత దగ్గర ఒక కొస పట్టి, రెండో కొసని నదికి అవతల ఉన్న సర్వేయరు ట్యాంకు మీదికి చాపాడు. సరిగ్గా ఇరవై నాలుగు. పాచికలు వేశాడు. ట్యాంకు తగలబడింది. తగలబడ్డ ట్యాంకుని అక్కడే ఉంచి దాని మీద దూదిపింజ పెట్టడం వాళ్ళ పద్ధతి. పెట్టారు.

ఇప్పుడు సర్వేయరు వంతు. దూదిపింజ ట్యాంకుని ఆనించి ఆయన రెండో ట్యాంకు ఉంది. రెండు మూతలూ ఒకే వరసలో ఉన్నాయి. ఆయన స్టీలు టేపు లాగి కొండ వెనక ట్యాంకు వైపు చాపాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"ఇరవై నాలుగు దాటి దాదాపు అర అంగుళం. అందదు," అన్నాడు.

"అందకపోతే ఇంకోటి కొట్టు."

సర్వేయరు ఇంకోటి కొట్టలేదు. టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బావా, అక్కణ్ణుంచి నీ గుండు నాకు తగిలింది. ఇక్కణ్ణుంచి నా గుండు నీకు తగలదు. దారి ఒకటే కదా? పోయేటప్పుడు దగ్గర, వచ్చేటప్పుడు దూరమా?"

"నీ రెండో ట్యాంకు వెనక్కుంది."

"దాన్నుంచి కాదు. చచ్చినదాన్నుంచే కొలిచాను."

మాస్టరు తలెత్తి చూశాడు. సర్వేయరు గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"ఆరు నెలల్నుంచి చూస్తున్నాను బావా. ప్రతిసారీ ఇదే. నీది అందుతుంది, నాది కొసలో ఆగిపోతుంది. ఒక్కసారి నీ టేపు ఇలా ఇవ్వు."

"నియమం ఏముంది గోడ మీద?"

"చదివాను. టేపు ఇవ్వు."

మాస్టరుకి తల కొట్టేసినట్టయింది. "అంటే నేను దొంగాట ఆడుతున్నాననా? నా షాపులో నిలబడి నన్ను దొంగంటావా? ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాం, ఒక్క వెంట్రుకవాసి మోసం చేశానా?"

"చేశావనలేదు. టేపు ఇవ్వమన్నాను."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే అప్పుడు అంటాను."

మెడలోంచి టేపు ఊడలాగి మాస్టరు టేబులు మీద విసిరాడు. అది వెళ్ళి ఇద్దరు సిపాయిల్ని పడగొట్టింది. సర్వేయరు వాళ్ళని ముట్టుకోకుండా, పచ్చగుడ్డ అంచున తన స్టీలు టేపు పరిచాడు. దాని పక్కనే గుడ్డ టేపుని మడతల్లేకుండా, అలాగని లాగకుండా పరిచాడు. రెండు సున్నాలూ కలిపి వేలితో నొక్కి పట్టాడు. పది దగ్గర తేడా కనపడీ కనపడనట్టుంది. ఇరవై నాలుగు దగ్గర బాగా కనిపిస్తోంది. గుడ్డ టేపు అరవై దగ్గర అయిపోయింది. ఆ అరవై పక్కన స్టీలు టేపు అరవై ఒకటి చూపిస్తోంది.

"సాగిపోయింది," అన్నాడు సర్వేయరు.

"నీది కుంచించుకుపోయింది," అన్నాడు మాస్టరు.

"స్టీలు కుంచించుకుపోతుందా బావా?"

"ఏమో, ఎండలో తిప్పుతావుగా."

అని తనకే నమ్మకం లేక మాస్టరు గోడ వైపు చూశాడు. మేకుకి తమ్ముడి టేపు వేలాడుతోంది. కటింగుకి అతను వాడేది. మూడోవాణ్ణి సాక్ష్యం పిలిచినట్టు దాన్ని తీసుకొచ్చి స్టీలు టేపు పక్కన పరిచాడు. సున్నాకి సున్నా, అరవైకి అరవై. గీతకి గీత అతికినట్టు సరిపోయాయి.

"మెడలో వేసుకుని ఏళ్ళ తరబడి లాగుతుంటే గుడ్డ సాగదా మరి? మా ఆఫీసులో అయితే ఏడాదికోసారి కొలిచే సామాన్నే కొలుస్తాం," అని సర్వేయరు ఇంకా ఏదో చెబుతున్నాడు. మాస్టరుకి వినపడటం లేదు. ఆయన చూపు తమ్ముడి టేపు మీదే ఉండిపోయింది. పసుపు రంగు కొత్తగా మెరుస్తోంది. ఎప్పుడు కొన్నాడు దీన్ని?

రెండు నెలలయింది.

అంతకుముందు ఆ మేకుకి పాత టేపే ఉండేది. ఇద్దరివీ ఒకే ప్యాకెట్లోవి, ఒకే వయసువి. రెండూ కలిసే సాగాయి. సాగిన టేపుతో మనిషిని కొలిచి, సాగిన టేపుతోనే గుడ్డ కోస్తే చొక్కా సరిపోక ఏమవుతుంది? తమ్ముడు అంకెలు చెరిగిపోయాయని తనది మార్చాడు. ఆ రోజు రెండు టేపులు తెచ్చాడు కూడా. "నీదీ మార్చెయ్యన్నయ్యా, పాతబడింది," అని రెండోది ఇచ్చాడు. వీడా నాకు టేపు పట్టడం నేర్పేది అని మాస్టరు దాన్ని విప్పకుండానే సొరుగులో పడేశాడు.

కండక్టరు చొక్కా ఇంకా హ్యాంగరుకే ఉంది. మాస్టరు దాన్ని దించి, కాలరు విప్పదీసి, తమ్ముడి టేపుతో కొలిచాడు. పదిహేను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. పుస్తకంలో ఉన్నదున్నట్టు కోశాడు. పావంగుళం పోయింది మాస్టరు మెడలోని టేపులో. పీలికలు వెడల్పయిందీ అందుకే. సరైన టేపుతో కోస్తే గుడ్డ తక్కువే పడుతుంది మరి.

మాస్టరు స్టూలు మీద కూలబడ్డాడు. నిన్న టేబులు మీద బోర్లించిన అన్నం డబ్బా, కళ్ళజోడు పెట్టె, తువ్వాలు ఇప్పుడు దారాల అర మీద ఉన్నాయి. అక్కడ పెట్టింది తనే. వాటి వంక చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఏమైంది బావా? ఆట గురించయితే వదిలెయ్. పాత టేపని నీకేం తెలుసు?"

మాస్టరు చెప్పాడు. పదకొండు చొక్కాల సంగతీ, సంచి సంగతీ, రేపు చెప్పాలనుకున్న మాట సంగతీ అన్నీ చెప్పాడు. సర్వేయరు నోరు వెళ్ళబెట్టి విన్నాడు.

"నువ్వయితే ఆరు నెలల్నుంచి నన్ను దొంగనుకున్నావ్," అన్నాడు మాస్టరు చివర్న. "అనుకుంటూనే మా ఇంట్లో కూచుని కాఫీ తాగావ్."

"అనుకున్నాను," అన్నాడు సర్వేయరు. "అనుకున్నా ప్రతి ఆదివారం వచ్చాను. నీతో ఆడటం మానేసి నేనెక్కడికి పోతాను? ఓడిపోతే పోయాననుకున్నాను."

మాస్టరు లేచాడు. సైనికుల్ని లెక్కపెట్టలేదు, పెట్టెల్లో సర్దలేదు. అవన్నీ టేబులు మీద ఎక్కడివక్కడే వదిలేసి, బావమరిది చేతికి తాళాలిచ్చి, తమ్ముడి సామానంతా ఒక కవర్లో వేసుకుని బయటపడ్డాడు. ఇరవై ఏళ్ళలో ఆయన సైన్యాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం అదే మొదలు. అది గమనించింది సర్వేయరు ఒక్కడే.

తమ్ముడి ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. మెట్లెక్కుతుంటే చెప్పాల్సిన మాటలన్నీ వరసగా వచ్చాయి. తలుపు తెరుచుకోగానే అన్నీ పోయాయి. మరదలు తలుపు సగం తీసి, "బావగారొచ్చారు," అని లోపలికి చెప్పి పక్కకి తప్పుకుంది. రండి అనలేదు.

తమ్ముడు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మాస్టరు కవరు చాపాడు. తమ్ముడు తీసుకున్నాడు.

"తప్పు నాదేరా. నా టేపు సాగిపోయింది. అరవైకి అంగుళం. నువ్వు కోసిందే సరైన కొలత. ఇప్పుడే చూశాం, బావమరిదీ నేనూ. కండక్టరుకి నేనే చెప్తాను, ఆ ఇద్దరికీ కూడా చెప్తాను."

తమ్ముడు మొహంలో గెలిచానన్న జాడేమీ లేదు. కవరు పక్కన పెట్టి అడిగాడు.

"టేపులో తప్పు దొరక్కపోయుంటే వచ్చేవాడివా అన్నయ్యా?"

మాస్టరు దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి. రాత్రంతా నిద్రపట్టలేదని చెప్పొచ్చు, ఎలాగూ రావాలనే అనుకున్నానని చెప్పొచ్చు. తమ్ముడు ఆయన కళ్ళలోకే చూస్తున్నాడు.

"వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. "రేపొస్తే వెళ్ళిపొమ్మనేవాణ్ణి."

తమ్ముడు తలూపాడు. తలుపు పూర్తిగా తెరిచి, "లోపలికి రా," అన్నాడు.

మరదలు మంచినీళ్ళు తెచ్చింది. తమ్ముడే మొదలుపెట్టాడు.

"ఆ పదకొండు చొక్కాలూ విప్పి కుట్టేదాకా వస్తాను. కుట్టు దగ్గర గుడ్డ కొంచెం వదిలాను, ఛాతీకి సరిపోతుంది. కాలర్లు కొత్తవి వెయ్యాలి. తర్వాత రాను. వెనక వీధిలో గది ఒప్పేసుకున్నాను."

"ఎప్పుడు?"

"అడగడం ఎప్పుడో అడిగాను. సాయంత్రమయ్యేసరికి నేనేదో ఎత్తుకెళ్తానన్నట్టు నువ్వు దారం బాబిన్లు లెక్కపెడుతుంటే అడిగి పెట్టుకున్నాను. ఒప్పుకోబుద్ధి కాలేదు. నిన్న మన షాపు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళి ఒప్పుకున్నాను."

నిన్న తను సంచి వెతికించకపోయుంటే ఆ గది అడిగిన గదిలాగే ఉండిపోయేది. అది మాస్టరుకి అర్థమైంది. ఆ వెంటనే, ఆయన పుట్టుక అలాంటిది, ప్రశ్నలు నాలిక మీదికి తోసుకొచ్చాయి. మిషన్లు ఎవరిస్తున్నారు? నా కస్టమర్లలో ఎంతమందికి చెప్పావు? కండక్టరుకి ముందే తెలుసా? ఒక్కొక్కటే మింగాడు. మింగగా మింగగా అడుగున ఒక్కటి మిగిలింది. ఇదొక్కటీ అనుమానం కాదు.

"కటింగు టేబులు ఎంత ఎత్తు చేయిస్తున్నావురా?"

తమ్ముడు ఆశ్చర్యంగా చూశాడు. "మనదాని కన్నా నాలుగంగుళాలు ఎక్కువ. నేను నీకన్నా పొడుగు కదా. దాని మీద వంగి వంగి నడుం పట్టేస్తోంది."

షాపులో టేబులు మాస్టరు ఎత్తుకి చేయించింది. కోసేది తమ్ముడైనా, దాన్ని చేయించేటప్పుడు మాస్టరు తననే కొలుచుకున్నాడు.

"పదిహేనేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేంరా?"

"చెప్తే, ఉన్నట్టుండి టేబులు మీద కన్నెందుకు పడిందిరా అని అడిగేవాడివి," అన్నాడు తమ్ముడు.

మాస్టరు కాదనబోయి ఆగాడు. అడిగేవాడే.